కాళ్ళున్న వాళ్ళ సలహా

మా ఇంట్లో ఆదివారం ఉప్మా దగ్గర ఏ మాటన్నా కాస్త చూసుకుని అనాలి. ఆ సంగతి మరిచిపోయి, "నేనో కెమేరా కొనుక్కుందామనుకుంటున్నాను" అనేశాను.

మావారు పేపరు కొంచెం దించి, "ఫోనుందిగా?" అన్నారు.

మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తకుండానే, "ఎలాంటిదమ్మా?" అంది.

"ఫిలిం వేసేది. చిన్నది. చేతిసంచీలో పట్టాలి. జూమ్ వుండాలి" అన్నాను.

అప్పటిదాకా పచ్చడి గురించి తప్ప నోరెత్తని మా మరిది ప్లేటు కింద పెట్టేశాడు. అతనికి ఫోటోల పిచ్చి. వాళ్ళింట్లో ఓ అలమార నిండా కెమేరాలే. మా తోటికోడలు చీరలు మంచం కింద పెట్టెలో వుంటాయి, అది వేరే సంగతి.

"వదినా! మీరేదన్నా కొనండి గానీ జూమ్ జోలికి మాత్రం పోకండి. ఆ చిన్న కెమేరాల్లో జూమ్ వున్నవన్నీ చెత్త. ఒకే లెన్సు వున్నది తీసుకోండి. దగ్గరగా కావాలంటే కాళ్ళు లేవూ? నాలుగడుగులు ముందుకి వేస్తే అదే జూమ్!" అన్నాడు.

ఎంత తేలిగ్గా అనేశాడు!

పాపం, ఆ మాట మా మరిది సొంతం కాదు. ఫోటోల గురించి సలహాలు చెప్పే పెద్దలందరూ ఎప్పటినుంచో చెపుతున్నదే. కాళ్ళతో జూమ్ చెయ్యాలిట. దూరాన నించుని మీట నొక్కేవాళ్ళు సోమరులుట. అసలైన ఫోటోగ్రాఫరు నడిచి దగ్గరికి వెళతాడుట. వెళతాడు. వెళ్ళకేం? ఎక్కడికి వెళుతున్నావని ఎవరూ అడగని కాళ్ళు గనక వెళతాడు.

కృష్ణ ఒడ్డున రేవులో పదిమంది మధ్యకి మా మరిది కెమేరా పట్టుకుని దూరిపోతే "ఎవరో పేపరాయన" అని దారిస్తారు. నేను దూరితే? ముందు నా వెనక ఎవరొచ్చారో చూస్తారు. ఆనక "ఎవరమ్మా మీరు, ఎందుకు తీస్తున్నారు?" అని అడుగుతారు. నేను నవ్వి, సర్దిచెప్పి, కొంగు సవరించుకుని కెమేరా ఎత్తేలోపల ఆ ఫోటో కాస్తా స్నానం ముగించి, ఒళ్ళు తుడుచుకుని వెళ్ళిపోతుంది.

రేవు దాకా ఎందుకు? మనిళ్ళే తీసుకోండి. పొయ్యిమీద పాలున్నాయి. పెరట్లో అత్తగారు మనవడికి కథ చెపుతూ చెయ్యి గాల్లో తిప్పుతోంది. ఆ చెయ్యి తిరుగుతున్నంతసేపే ఫోటో. "నాలుగడుగులు" వేస్తే పాలు పొంగుతాయి. పొంగినా సరే అని వేస్తే ఆవిడ తలెత్తి, "ఏం కావాలే?" అంటుంది. చెయ్యి దిగిపోతుంది. అయిపోయింది ఫోటో!

ఈ నాలుగడుగుల దూరం లెన్సుల పుస్తకాల్లో వుండదు. అది మనింట్లో మనకి, మనవాళ్ళకి మధ్య వున్న దూరం. దాన్ని కాలితో కాకుండా వేలితో దాటించే సాధనం ఒకటుంటే దాన్ని చెత్త అనడానికి వీళ్ళెవరు?

నేను బి.ఏ. చదివినదాన్ని. చరిత్ర, తెలుగు. లెన్సుల లెక్కలు నాకేం తెలుసు అని మీకూ అనుమానం రావచ్చు. అంచేత, తెలుసుకునే మాట్లాడుతున్నాను. మరిది చెప్పినదాంట్లో నిజమెంత, చిన్నచూపెంత అని విడదీసి చూడటానికి నాకు రెండు నెలలు పట్టింది.

ముందు వాటి కథ కొంచెం చెప్పాలి. మా పెద్దవాళ్ళ కాలంలో ఆగ్ఫా క్లిక్ డబ్బా కెమేరా వుండేది. రీలుకి పన్నెండు ఫోటోలు. ఎండలో నించోబెట్టి, "కదలకండి" అని అరిచి తీసేవాళ్ళు. తనంతట తానే దూరం లెక్క కట్టుకుని ఫోకస్ చేసుకునే చిన్న కెమేరా 1977లో జపాన్ నుంచి వచ్చింది, కోనికా వాళ్ళది. ఇంకో పదేళ్ళకి, 1986-87 ప్రాంతాల్లో, పెంటాక్స్ వాళ్ళు అలాంటి చిన్న కెమేరాకే జూమ్ తగిలించారు: 35 నుంచి 70 మిల్లీమీటర్ల దాకా. ఇక అక్కణ్ణించి కంపెనీలన్నీ పరుగు పందెం పెట్టుకున్నాయి. 70 చాలదని 90, 90 చాలదని 105, 115, 140... 200 దాకా లాగారు. ఆ పైన డిజిటల్ కెమేరాలొచ్చాయి, ఫోన్లొచ్చాయి, పందెం ఆగిపోయింది. 2024లో పెంటాక్స్ వాళ్ళు మళ్ళీ ఓ కొత్త ఫిలిం కెమేరా తెచ్చారు గానీ దానికి జూమ్ లేదు. కనక జూమ్ వున్న చిన్న ఫిలిం కెమేరా కావాలనుకుంటే ఎవరో వాడి వదిలేసిన పాతదే కొనుక్కోవాలి.

1990ల చివర మన తెలుగు కుర్రాళ్ళు కంప్యూటర్ల పేరు చెప్పి అమెరికా వెళ్ళారే, వాళ్ళు మొదటిసారి శలవుకి వచ్చినప్పుడు తెచ్చిన వస్తువుల్లో సెంటు సీసాలూ, చాక్లెట్లూ, ఇవీ వుండేవి. మా అన్నయ్యా అలాగే తెచ్చాడు, 1999 వేసవిలో. పెంటాక్స్. 38 నుంచి 90. తెనాలిలో మా వీధి మొత్తానికి అలాంటిది అదే మొదటిది. మీట నొక్కగానే 'జూ...' మంటూ లెన్సు బయటికి వస్తే పక్కింటి పిల్లలు పరిగెత్తుకొచ్చి చూసేవాళ్ళు.

అన్నయ్య తెచ్చింది అమ్మ కోసం. చేతికిచ్చింది నాన్నకి. ఈ రెండు వాక్యాల మధ్య ఏం జరిగిందో మీకు విప్పి చెప్పక్కర్లేదు. "మీ అమ్మకేం తెలుసురా, రీలు దండగ" అన్నారు నాన్న. అమ్మ కూడా నవ్వుతూ "అవును, నాకెందుకు" అంది.

మే నెలలో నాన్న ఏదో పొలం రిజిస్ట్రేషను పని మీద గుంటూరు వెళ్ళి మూడు రోజులుండిపోయారు. ఆ మూడు రోజుల్లో అమ్మ ఒక రీలు తీసింది. అన్నయ్య నేర్పింది రెండే ముక్కలు: ఈ మీట ఇటు తోస్తే దగ్గరికొస్తుంది, అటు తోస్తే దూరం పోతుంది, పైన నొక్కితే ఫోటో. వంటింటి గడప దాటకుండా అమ్మ 36 ఫోటోలు తీసింది.

ఆ రీలులో మా నాయనమ్మ వేపచెట్టు కింద కూర్చుని తనే తలకి నూనె రాసుకుంటోంది, వీపు మాకేసి పెట్టి. కెమేరా తీస్తే చాలు పైట తలమీద కప్పుకుని కర్రలా బిగుసుకుపోయే మనిషి! గడపకీ వేపచెట్టుకీ పాతిక అడుగులు. అమ్మ నాలుగడుగులు ముందుకి వేసి వుంటే "ఏమే, పొయ్యిమీద ఏం మాడుతోంది?" అన్న కేక వినపడేదే గానీ ఆ వీపూ, ఆ జుట్టూ దొరికేవి కావు. ఇంకో దాంట్లో ఎదురింటి పిన్నిగారు పాలవాడితో పోట్లాడుతోంది. కిటికీ ఊచలు మసకగా అడ్డం వచ్చాయి. ఇంకో దాంట్లో నేను. డాబా పిట్టగోడ మీద కాళ్ళు బారజాపుకుని నవల చదువుకుంటున్నాను. పందొమ్మిదేళ్ళు నాకు. నేను అలా వుండేదాన్నని ఆ ఫోటో చూసేదాకా నాకే తెలియదు.

అన్నిటికీ మూల నారింజరంగు అంకెల్లో తేదీ పడింది. తొమ్మిదో పదో పాడైపోయాయి. కొన్ని చేతిలో కదిలాయి. ఒక దాంట్లో మా అక్కా, బావగారూ పక్కపక్కన నించున్నారు, ఇద్దరూ మసక, వాళ్ళ మధ్య సందులోంచి కనిపిస్తున్న గోడకున్న కాలెండరు మాత్రం తేదీలతో సహా చదువుకోవచ్చు!

నాన్న తిరిగొచ్చాక ఫోటోలు చూశారు. పేక ముక్కల్లా ఒక్కొక్కటే తీసి కింద పడేస్తూ, "ఇవేం ఫోటోలు? ఒక్కళ్ళూ ఇటు చూడనే లేదు!" అన్నారు. కెమేరా బీరువాలోకి వెళ్ళిపోయింది. తాళంచెవి నాన్న మొలతాడుకి వుండేది.

నాన్న తీసిన ఆల్బములు నాలుగున్నాయి. అన్నిట్లోనూ అందరం నాన్నకేసే చూస్తూ వుంటాం. అమ్మ రీలులో ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ వుంటారు.

ఇప్పుడు ఆ నాలుగు ఆల్బముల్నీ, ఆ ఒక్క కవరునీ మా మరిది ముందు పెడితే ఏమంటాడు? పెట్టాను కూడా. "లెన్సు షార్ప్‌గా లేదు వదినా" అన్నాడు.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే అనుకోకండి. కొడాక్ కంపెనీ వాళ్ళు వందేళ్ళకి పైగా కిందటే కెమేరా చేతబట్టుకున్న పడుచుపిల్లని బొమ్మవేసి ప్రకటనలిచ్చారు. అమ్ముకోవడానికి ఆడపిల్ల కావాలి! ఇంత తేలికండీ, ఆడవాళ్ళు కూడా తియ్యగలరండీ అని చెప్పడానికి. కొన్నాక అది ఎవరి బీరువాలోకి పోతుందో వాళ్ళకనవసరం. మన దేశంలో పత్రికలకి ఫోటోలు తీసిన తొలి మహిళ హోమై వ్యారావాలా. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆవిడ తొలినాళ్ళలో తీసిన ఫోటోలు ఎవరి పేరున అచ్చయ్యాయో తెలుసా? భర్త పేరున! హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టి దాన్ని ఒక ఇంగ్లీషావిడకి అప్పగించాడు. అక్కడికొచ్చిన మన ఆడవాళ్ళకి ఎదురుగా కుర్చీ వేశారు. కెమేరా వెనక మాత్రం కాదు.

సరే, కోపం కాస్త పక్కన పెట్టి మరిది వాదం కూడా చెపుతాను. లేకపోతే మీరు నా మాట నమ్మి డబ్బు తగలేసుకుంటారు.

చిన్న కెమేరాలో జూమ్ లెన్సుకి వెలుతురు ఆకలి ఎక్కువ, నోరు చిన్నది. ఇది నిజం. ఒకే లెన్సు వున్న మంచి కెమేరాల్లో లెన్సు నోరు ఎఫ్ 2.8 దాకా తెరుచుకుంటుంది. జూమ్ వాటిల్లో దగ్గర వైపున ఎఫ్ 4, 4.5 వుంటుంది. లెన్సు పొడవుగా సాగినకొద్దీ నోరు మూసుకుపోతుంది. 140 దాకా సాగే వాటిల్లో చివరికి వచ్చేసరికి ఎఫ్ 11 దాకా పోయేవున్నాయి. 2.8కీ 11కీ మధ్య తేడా చిన్నదిలా కనిపిస్తుంది గానీ, లోపలికొచ్చే వెలుతురు పదహారో వంతుకి పడిపోయినట్టు.

వెలుతురు తక్కువైతే షట్టరు ఎక్కువసేపు తెరుచుకుని వుండాలి. మన చెయ్యి రాతిచెయ్యి కాదు కదా. లెన్సు ఎన్ని మిల్లీమీటర్లకి సాగితే, సెకనులో కనీసం అన్నో వంతులో ఫోటో అయిపోవాలని పాతకాపుల లెక్క ఒకటుంది. 140కి సాగితే 1/140. ఎఫ్ 11 దగ్గర, 100 నంబరు ఫిలిం వేసి, నిండు ఎండలో తీస్తే సుమారు 1/200 వస్తుంది; ఫరవాలేదు. అదే మనిషి చెట్టునీడలోకి జరిగితే 1/25. ఫోటో అల్లుకుపోతుంది. 400 నంబరు ఫిలిం వేస్తే 1/100. అప్పటికీ చాలదు. అమ్మ రీలులో కదిలిపోయిన ఫోటోలన్నీ నీడలో లెన్సు పూర్తిగా సాగదీసి తీసినవేనని నేను ఇప్పుడు లెక్కేసి చూసుకున్నాను. అన్నయ్య వేసింది 100 ఫిలిం. అమ్మ చెయ్యి తప్పేం లేదు!

ఇక పెళ్ళి పందిరి. మరిది ఇక్కడ పూర్తిగా గెలిచాడు. లెన్సు బారుగా సాగదీశాక ఈ చిన్న కెమేరాల ఫ్లాష్ వెలుగు, 400 ఫిలిం వేసినా, చాలా వాటిల్లో రెండు మూడు మీటర్లు దాటదు. కల్యాణమండపం చివరి వరసలో కూర్చుని వేదిక మీద తాళికట్టే దృశ్యాన్ని జూమ్ లాగి తీస్తే వచ్చేది ముందు వరసలో వున్నవాళ్ళ జడలు. వాటికి మాత్రం బ్రహ్మాండమైన వెలుగు పడుతుంది. కనక పందిట్లో జూమ్ సంగతి మరిచిపోండి. లెన్సు వెనక్కి ముడుచుకుని, దగ్గరున్న వాళ్ళని తీసుకోండి.

ఇంత ఒప్పుకున్నాక ఇంకా జూమ్ ఎందుకంటున్నానంటారా? మన బతుకంతా పెళ్ళి పందిట్లో గడవదు కనక. పెరడుంది, వసారా వుంది, డాబా వుంది, బడి గేటు వుంది, రైలు కిటికీ వుంది. అక్కడ వెలుతురుంటుంది. అక్కడే మనకి ముందుకెళ్ళే వీలుండదు. మరిది దగ్గర ఒకే లెన్సు కెమేరాలు ఏడున్నాయి; చీకట్లో కొవ్వొత్తి వెలుగులో పిల్లి మీసాలు లెక్కపెట్టేలా తీశాడు. వాళ్ళమ్మ నిద్రలేచి జుట్టు ముడేసుకునే ఫోటో ఒక్కటి కూడా లేదు. తియ్యబోతే ఆవిడ "పోరా!" అంటుంది. దగ్గరికెళ్ళాడుగా!

ఇంకో సంగతి, ధర. 1990లో కాంటాక్స్ టి2 అని ఒక టైటానియం తొడుగు కెమేరా వచ్చింది, ఒకే లెన్సుది. 2017లో కెండల్ జెన్నర్ అనే అమెరికా మోడల్ అమ్మాయి దాన్ని టీవీ కార్యక్రమంలో చూపించింది. ఇక చూడండి! ఇవాళ అది లక్ష రూపాయల దరిదాపుల్లో పలుకుతోంది. జూమ్ వున్నవాటిని పెద్దలందరూ చీదరించుకోబట్టి అవి ఇంకా మనకి నాలుగైదు వేలలో దొరుకుతున్నాయి. ఒక్కోసారి వాళ్ళ చిన్నచూపు మనకి రాయితీ.

అయితే ఆ దుకాణం అనుభవం కూడా చెప్పాలి. కోఠీలో ఒక దుకాణానికి వెళ్ళాం. పేరెందుకు లెండి. అడుగుతున్నది నేను. ఆయన జవాబు చెపుతున్నది మావారికి! "సార్, మేడమ్‌కి ఇదైతే ఈజీ సార్. 140 జూమ్. పెద్ద జూమ్." మావారికి ఆ మాటల్లో 'సార్' తప్ప ఏమీ అర్థం కావడం లేదు, అయినా తల వూపుతున్నారు, మర్యాదకి.

"90 లోపు చూపించండి" అన్నాను.

"అది చిన్నది మేడమ్. పెద్దదుండగా చిన్నదెందుకు?"

ఎందుకో ఇంతకుముందే చెప్పానుగా మీకు. లెన్సు గొట్టాలు ఎన్ని ఒకదాంట్లోంచి ఒకటి బయటికొస్తే అన్ని సందులు, అన్ని అరిగే పళ్ళచక్రాలు. పాతికేళ్ళనాటి సరుకు ఇది. 140 అంటే వెలుతురు చాలనిదీ, త్వరగా పాడయ్యేదీ కూడా. వీళ్ళకి అంకె పెద్దదైతే చాలు. మరిదేమో అసలు జూమే వద్దంటాడు, ఈయనేమో లాగగలిగినంత లాగమంటాడు. మనకేం కావాలో అడిగినవాడు ఇద్దరిలో ఒక్కడూ లేడు.

"పోనీ ఇదే చూద్దాం, ఆన్ చెయ్యండి" అన్నాను.

"బ్యాటరీ లేదు మేడమ్. పనిచేస్తుంది కానీ."

నా పర్సులోంచి బ్యాటరీ తీశాను. సీఆర్ 123 ఏ, మూడు వోల్టుల లిథియం బ్యాటరీ. ఈ కెమేరాల్లో చాలావాటికి అదే. చూడ్డానికి వెళుతూ మందుబిళ్ళలు మరిచిపోయినా అది మరిచిపోకండి. వేసి మీట నొక్కితే లెన్సు 'గర్ర్...' మంటూ సగం దాకా వచ్చి, తాబేలు తలలా అక్కడే ఆగి, మళ్ళీ లోపలికి పోనంది.

"వాడక అలా అయింది మేడమ్. వాడుతూంటే సర్దుకుంటుంది" అన్నాడాయన.

పెళ్ళిళ్ళ పేరయ్యలు కూడా ఈ మాటే చెపుతారు.

తీరా ఇంటికొచ్చాక నాకు అమ్మ బీరువా గుర్తొచ్చింది. నాన్న 2018లో పోయారు. తాళాలు అమ్మ చేతికొచ్చాయి. కానీ అమ్మకి అది తెరిచి కెమేరా తియ్యాలని తోచలేదు, నాకూ తోచలేదు. మొన్న వెళ్ళి తీశాను. ముఖమల్ గుడ్డలో చుట్టి, కర్పూరం బిళ్ళ పెట్టి, ఎంత భద్రంగా దాచారో! బ్యాటరీ వేస్తే చిన్న దీపం ఒకసారి వెలిగి ఆరిపోయింది. లెన్సు కదల్లేదు. వెనక తలుపు తెరిస్తే అంచుల్లో వెలుతురు రాకుండా పెట్టిన నల్లటి స్పాంజి జిగురైపోయి వేలికంటింది. బాగుచేసేవాళ్ళని అడిగితే, "వీటి లోపలి సర్క్యూట్లు ఇప్పుడు దొరకవమ్మా, వదిలెయ్యండి" అన్నారు. కింద పడలేదు, నీళ్ళలో పడలేదు. ఒక్క రీలు పనిచేసి, ఇరవయ్యేళ్ళు తాళంలో వుండి పోయింది.

అలాంటిదే, అదే 38-90, బెంగుళూరులో ఒకాయన దగ్గర దొరికితే తెప్పించాను. ఆయన దాంతో రీలు తీసి, ఆ నెగెటివ్ చూపించాడు. చూపించనివాళ్ళ దగ్గర కొనకండి. రాగానే టార్చిలైటు వేసి లెన్సులో మబ్బు, బూజు వున్నాయేమో చూశాను. వెనక తలుపు తెరిచి ఉత్తినే నొక్కి షట్టరు తెరుచుకుంటోందా లేదా చూశాను. జూమ్ నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి చప్పుడు విన్నాను. మిక్సీ బేరింగు పోతే మనకి తెలియదూ? ఇదీ అంతే. దానికున్న కాలెండరు 2019తో ఆగిపోయింది. ఇలాంటి కెమేరాలు చాలావాటికి అదే గతిట. తయారుచేసినవాళ్ళు ఆ తరవాత లోకంతో వాటికి పని వుండదనుకున్నారు కాబోలు! తేదీ తీసేశాను.

400 నంబరు కలర్ రీలు తొమ్మిదివందల పైచిలుకయింది. కడిగి స్కాన్ చెయ్యడానికి అయిదారువందలు. ఒక్కో ఫోటోకి 40 రూపాయలు. "ఫోన్లో అయితే ఫ్రీ" అన్నారు మావారు. ఆయనకి నాలుగు చేతి గడియారాలున్నాయి, టైము మాత్రం ఫోన్లో చూసుకుంటారు. నేనేమైనా అన్నానా? కడిగేవాళ్ళకి మాత్రం ఓ మాట గట్టిగా చెప్పండి: స్కాన్లు పంపి నెగెటివ్‌లు పారెయ్యొద్దని. అమ్మ రీలు నెగెటివ్ కవరులో వుండబట్టే, మొన్న నాయనమ్మ వీపుని పెద్దగా వేయించి గోడకి పెట్టగలిగాను.

మధ్యలో మనుషులిద్దరుంటే ఏం చెయ్యాలో కూడా నేర్చుకున్నాను. ఒకళ్ళ ముఖం మీద నడిమి గుర్తు పెట్టి, మీట సగం నొక్కి పట్టుకుని, అలాగే పక్కకి తిప్పి, అప్పుడు పూర్తిగా నొక్కాలి. అంతే. ఈ ఒక్క వాక్యం అమ్మకి ఎవరన్నా 1999లో చెప్పి వుంటే మా అక్కా బావగారూ దక్కేవారు.

పోయినవారం తెనాలి వెళ్ళినప్పుడు కెమేరా పట్టుకెళ్ళాను. వసారాలో కూర్చుని వున్న అమ్మని తియ్యబోతే చేత్తో అడ్డంపెట్టి, "నన్నెందుకే ముసలిదాన్ని" అంది. వెనకటి సంగతులేం ఎత్తకుండా కెమేరా చేతిలో పెట్టాను. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, బొటనవేలితో తడిమింది. ఒక్క క్షణం కూడా వెతుక్కోలేదు. మీట ఇటు తోసింది. 'జూ...' మంటూ లెన్సు బయటికొచ్చింది.

వీధిలో ఎదురింటి పిన్నిగారు, ఇప్పుడు ఆవిడా ముసలిదే, గడపలో కూర్చుని కాకరకాయలు తరుగుతోంది.

"ఇందులో ఇంకా ఎన్నున్నాయే?" అంది అమ్మ.

"పదకొండు."

"అయితే కాస్త పక్కకి జరుగు. ఎండ పోతోంది."